అమ్మకి చెప్పిన ఐర్లండ్ కథలు

మలేషియాలో, క్లాంగ్‌లో నేను పనిచేసే పుస్తకాల దుకాణంలో గుమ్మానికి ఎదురుగా ఒక అర ఉంటుంది. నెలకోసారి దాన్ని ఖాళీ చేసి కొత్త పుస్తకాలతో నింపడం నా పని. ఒక నెల వంటల పుస్తకాలు, ఒక నెల జపాన్ నవలలు. మూడేళ్ళ కిందట మార్చి నెలకి ఐర్లండ్ వంతు వచ్చింది. కొత్తగా వచ్చిన ఐరిష్ నవలలు, జానపద కథలు, చరిత్ర, ఎవరి బతుకు వాళ్ళు రాసుకున్న పుస్తకాలు, అన్నీ కలిపి ఓ పాతిక ఏరి, ఒక్కోదాని కిందా చిన్న చీటీ రాసి అతికించాలి. ఈ పుస్తకం ఎవరికి నచ్చుతుందో, ఎందుకు చదవాలో నాలుగు వాక్యాల్లో చెప్పాలి. చదవకుండా చీటీ రాయడం నాకు చేతకాదు. అందుకని ఆ ఫిబ్రవరి అంతా రోజూ సంచీలో రెండేసి పుస్తకాలు ఇంటికి మోసుకొచ్చాను.

ఇంట్లో నేనూ అమ్మా ఇద్దరమే. నాన్న పోయి అప్పటికి ఆరేళ్ళు. అమ్మకి డెబ్భై మూడు. సుంగై సిపుట్ దగ్గర రబ్బరు ఎస్టేట్‌లో పుట్టి పెరిగి, పాతికేళ్ళు చెట్ల పాలు తీసి, ఎస్టేట్ అమ్మేశాక నాన్న వెనకాల క్లాంగ్ వచ్చింది. ఎస్టేట్ తమిళ బడిలో మూడేళ్ళు చదివింది కానీ ఆ అక్షరాలూ మరిచిపోయింది. ఇంగ్లీషు అసలు రాదు. కథ అంటే మాత్రం చెవి కోసుకుంటుంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక అమ్మ నేల మీద పేపరు పరిచి, ఎండు నెత్తళ్ళు పోసుకుని, ఒక్కోదాని తల తుంచుతూ కూర్చునేది. నేను పక్కన కూర్చుని ఆ వారం చదివింది మా ఇంటి తెలుగులో చెప్పేదాన్ని. నా తెలుగు సగం తమిళం, పావు మలయ్. అమ్మది అలా కాదు. అమ్మమ్మ శ్రీకాకుళం వైపు నుంచి తెచ్చుకున్న మాట అమ్మ నోట్లో చెక్కుచెదరకుండా ఉండేది.

మొదట చెప్పింది ఒక జానపద కథ. ఆ దేశంలో మట్టిదిబ్బల కింద కంటికి కనబడని ఒక జాతి ఉంటుందని పాతవాళ్ళు నమ్మేవారట. వాళ్ళు ఇళ్ళలోకి వచ్చి ఉయ్యాల్లో బిడ్డని ఎత్తుకుపోయి, ఆ చోట తమ బిడ్డని పడుకోబెట్టి వెళ్ళిపోతారు. తెల్లారి తల్లి చూస్తే మొహం అదే, చూపు మాత్రం వేరు.

అమ్మ చేతులు ఆగిపోయాయి.

"ఆల బిడ్డని ఆలెందుకు ఒగ్గేసినారు?"

"ఎందుకో పుస్తకంలో లేదమ్మా."

"ఎత్తుకెల్లిన బిడ్డ కోసం ఈ తల్లి ఏడిసినాది, సరే. ఒగ్గేసిన బిడ్డ కోసం దిబ్బ కింద తల్లి ఏడవలేదేటి?"

ఆ సంగతీ పుస్తకంలో లేదు. అంత లావు పుస్తకంలో ఏ కథలోనూ దిబ్బ కింద తల్లి గురించి ఒక్క ముక్క లేదు. నేను వెతికాను కూడా.

"మరి ఆ గుంటని ఇంటోలు ఏటి సేసినారు?"

ఆ కథల్లో అలాంటి బిడ్డని చలిలో బయట పెట్టేస్తారు, నిప్పుకి దగ్గరగా పట్టుకుంటారు, తన వాళ్ళొచ్చి తీసుకుపోతారని. అది అమ్మకి చెప్పబుద్ధి కాలేదు.

"బాగానే పెంచుకున్నారు," అన్నాను.

"నన్ను పెంచినట్టు," అంది అమ్మ, మళ్ళీ నెత్తళ్ళ మీదికి వంగుతూ.

అమ్మ చీనా తల్లికి పుట్టిన పిల్ల. ఈ దేశంలో అది పెద్ద వింత కాదు. ఆ రోజుల్లో సాకలేని ఆడపిల్లల్ని చీనా వాళ్ళు మన వాళ్ళకి ఇచ్చేవారు. మా ఎస్టేట్ కూలీల ఇళ్ళ లైన్లోనే అలాంటి వాళ్ళు ఇంకో ఇద్దరుండేవారు. అమ్మమ్మకి ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. సైకిలు మీద ఎస్టేట్‌కి కూరగాయలు తెచ్చే ఒక కుంటి చీనా ఆయనకి రెండో ఆడపిల్ల పుట్టింది. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులకి తిండి అందకుండా, అడవి అంచుల్లో ఉన్న చీనా వాళ్ళందరినీ తెల్లదొరలు లారీలెక్కించి, ముళ్ళకంచె వేసిన కొత్త ఊళ్ళలోకి తోలుతున్న రోజులవి. ఆయన నెల్లాళ్ళ పిల్లని కూరల బుట్టలో పెట్టుకుని తెచ్చి అమ్మమ్మ చేతికిచ్చాడట. అమ్మకి తెలిసింది అంతే. అంతకుమించి ఎప్పుడూ అడగలేదు. అమ్మమ్మ మనసు కష్టపెట్టుకుంటుందని అడగలేదట.

మరుసటి ఆదివారం చరిత్ర పుస్తకం చెప్పాను. ఆకలికి ఊళ్ళు ఖాళీ అయిపోయి జనం ఓడలెక్కడం. "మనోలూ ఓడెక్కే వచ్చినారు కదే," అని అమ్మ తీసిపారేసింది. ఒక నవల సగం చెప్పేసరికి ఆవలించింది. నాలుగో ఆదివారం చెప్పిన పుస్తకమే మమ్మల్ని ఇంతదూరం తెచ్చింది.

అది ఒకావిడ రాసుకున్న సొంత కథ. పెళ్ళికాకుండా కడుపొచ్చిన ఆడపిల్లల్ని సన్యాసినుల ఇళ్ళలో దాచడం, పుట్టిన బిడ్డల్ని ఎవరికో ఇచ్చేయడం ఆ దేశంలో చాలా ఏళ్ళు సాగింది. ఈవిడ అలా ఇచ్చేసిన బిడ్డ. యాభై దాటాక కాగితాలు వెతికించి, తల్లి బతికే ఉందని తెలుసుకుని, ఆ ఊరు వెళ్ళింది. పూలతో తలుపు ముందు నిలబడి తట్టింది.

పుస్తకంలో ఆ తలుపు తెరుచుకోదు. కిటికీ తెర కొంచెం కదులుతుంది, అంతే. ఆవిడ వానలో కాసేపు నిలబడి, పూలు మెట్టు మీద పెట్టి తిరిగొచ్చేస్తుంది.

అమ్మ నన్నే చూస్తోంది. ఒళ్ళో నెత్తళ్ళున్నాయన్న సంగతే మరిచిపోయింది. ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి నాకు నోరు రాలేదు.

"తలుపు తీసింది," అన్నాను. "లోపలికి రమ్మంది. టీ పెట్టింది. ఇద్దరూ ఆ పూటంతా కూర్చున్నారు."

"ఏటి మాటాడుకున్నారు?"

"చిన్నప్పటి సంగతులు."

"ఆలకేటి సిన్నప్పటి సంగతులుంటాయే?" అని నవ్వి, కళ్ళు మోచేత్తో తుడుచుకుంది. చేతులకి చేపల వాసన కదా.

మర్నాడు పొద్దున నేను దుకాణానికి బయల్దేరుతుంటే అమ్మ గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

"సుంగై సిపుట్ దాకా నీ కారు ఎల్తాదా?"

డెబ్భై మూడేళ్ళలో కన్నవాళ్ళని వెతికే మాట అమ్మ నోట రావడం అదే మొదలు. నేను చెప్పిన అబద్ధమే ఆ మాట రప్పించింది. అప్పుడు నాకు సంతోషమే వేసింది. మంచి పని చేశానని కూడా అనుకున్నాను.

ఆ శనివారం బయల్దేరాం. అమ్మ పచ్చ చీర కట్టుకుంది, పూలు పెట్టుకుంది, సంచీలో కమలాపళ్ళు పెట్టుకుంది. ఈపో ఊరు దాటాక చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూనే ఉంది. ఎస్టేట్‌కి మూడు మైళ్ళ దూరంలో అప్పుడు కంచె వేసి కట్టిన కొత్త ఊరొకటుంది. పేరుకి కొత్త, ఇప్పుడన్నీ పాత ఇళ్ళే. కాఫీ కొట్టు దగ్గర ఆగి, ఒకప్పుడు కూరగాయలమ్మిన కుంటి ఆయన ఇల్లు తెలుసా అని మలయ్‌లో అడిగాను. అక్కడి ముసలాయన నన్ను చూడనే లేదు. అమ్మ మొహమే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత లేచి, చెప్పులేసుకుని, మూడో సందులో ఆకుపచ్చ గేటు దాకా మాకు ముందు నడిచాడు.

గేటు తీసినావిడ అమ్మ కంటే ఆరేళ్ళు పెద్ద. అదే నుదురు. అదే పొట్టి మెడ. ఎడమ కనుబొమ్మ చివర వెంట్రుకలు లేకపోవడం కూడా అదే. ముసలాయన చీనా మాటలో ఏదో చెప్పాడు. ఆవిడ గేటు కడ్డీ పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

లోపల ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టింది. అక్కచెల్లెళ్ళిద్దరికీ కలిసిన భాష బజారు మలయ్ ఒక్కటే, కూరలు బేరమాడేందుకు పనికొచ్చే భాష. దాంతోనే మాట్లాడుకున్నారు. గోడ మీద వాళ్ళ అమ్మా నాన్నల పటాలున్నాయి. అమ్మ ఆ ఆడమనిషి పటం ముందు చాలాసేపు నిలబడింది. వెనక నుంచి చూస్తే అద్దం ముందు నిలబడినట్టే ఉంది.

"మనం ఐదుగురం," అంది పెద్దమ్మ. "నేను, తర్వాత నువ్వు, నీ తర్వాత ముగ్గురు తమ్ముళ్ళు. వాళ్ళు ముగ్గురూ పోయారు. నేనున్నాను. నాకు గుండె బాగాలేదు."

అమ్మకి పుట్టగానే ఒక పేరు పెట్టారట. ఆవిడ ఆ పేరు చెప్పింది. అమ్మ దాన్ని మూడుసార్లు పలికింది. మూడుసార్లూ రాగం తప్పింది. ఆవిడ మూడుసార్లూ మెల్లిగా సరిచేసింది. నాలుగోసారి అమ్మ పలకలేదు.

"అమ్మ నన్నెప్పుడైనా చూడ్డానికొచ్చిందా?" అని అడిగింది అమ్మ.

ఆవిడ నా వైపు చూసింది. నేను చిన్నపిల్లని కాను కదా, యాభై దగ్గర పడ్డ మనిషిని, అయినా లోపలికి వెళ్ళి టీ నీళ్ళు చూడమంది. వంటింట్లోంచి అంతా వినిపించింది.

"ప్రతి చీనా కొత్త సంవత్సరానికీ వచ్చేది. కంచెలోంచి బయటికి రావడానికి చీటీ రాయించుకుని, నన్ను వెంటబెట్టుకుని మూడు మైళ్ళు నడిచొచ్చేది. మొదటి ఏడు ఆ ఇండియన్ అమ్మ నిన్ను ఎత్తుకుని చూపించింది. రెండో ఏడూ చూపించింది. మూడో ఏటికి నీకు నడక బాగా వచ్చేసింది. మా అమ్మని చూసి పరుగెత్తుకొచ్చావు. కాళ్ళు పట్టుకుని వదల్లేదు. నాకు బాగా గుర్తు. నాలుగో ఏడు మేమొచ్చేసరికి ఆ అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. జ్వరమొచ్చి పాప చనిపోయిందని చెప్పింది. ఏడ్చింది కూడా. నిజమే అనుకున్నాం. మా అమ్మ ఇంటికొచ్చి, పోయినవాళ్ళకి కాల్చే కాగితాలు నీ కోసం కాల్చింది. మళ్ళీ ఆ వైపు వెళ్ళలేదు."

నేను టీ కప్పులతో వచ్చేసరికి అమ్మ మళ్ళీ ఆ పటం ముందు నిలబడి ఉంది. అమ్మకి నాలుగేళ్ళప్పుడు అమ్మమ్మ వాళ్ళు ఆ లైను వదిలి ఎస్టేట్‌కి అవతలి కొసనున్న ఇంకో డివిజన్‌కి మారిపోయారు. ఎందుకు మారారో ఇంట్లో ఎవరూ చెప్పేవారు కాదు. అమ్మ పెళ్ళి అక్కడే అయింది, నేను పుట్టింది అక్కడే. నా అసలు అమ్మమ్మ ముప్పై ఏళ్ళ కిందట పోయిందట. అంటే నేను సైకిలు తొక్కుకుంటూ బడికి వెళ్ళిన రోజుల్లో ఆవిడ ఐదారు మైళ్ళ అవతల ఈ ఇంట్లోనే ఉంది.

సాయంత్రం వచ్చేస్తుంటే పెద్దమ్మ అమ్మ చెయ్యి పట్టుకుని, "ఏప్రిల్లో సమాధులు కడిగే రోజుకి రా. నిన్ను అమ్మ దగ్గరికి తీసుకెళ్తాను," అంది. అమ్మ తలూపింది.

కారు తాపా ఊరు దాటింది. తర్వాత తనలో తను అనుకున్నట్టు అంది.

"మాయమ్మకి బయమేసినాది. నాను ఆయమ్మ ఎనకాల ఎల్లిపోతాననుకున్నాది."

"అవునమ్మా."

ఇంకో పది మైళ్ళు పోయాక, "అయితే మాత్రం అంత మాట ఎలాగనగలిగినాది?" అంది. ఆ మాటే క్లాంగ్ చేరేలోపు ఇంకో రెండుసార్లు అంది. అమ్మమ్మ నన్ను పెంచిన మనిషి. నా జడ వేసింది ఆవిడే, నాకు అన్నం తినిపించింది ఆవిడే. ఆవిడ గుమ్మంలో నిలబడి ఏడుస్తూ ఆ మాట చెప్పడం నా కళ్ళకి కడుతుంటే, రోడ్డు సరిగ్గా కనబడలేదు.

ఆ తర్వాత ఆదివారాలు అమ్మ కథలడగలేదు. ఆ వేళకి పెద్దమ్మకి ఫోన్ చేసేది. అదే బజారు మలయ్. తిన్నావా? తిన్నాను. వాన పడిందా? పడింది. కాళ్ళు నొప్పులా? నొప్పులే. అక్కడితో మాటలైపోయేవి. అయినా ఇద్దరూ ఫోన్ పెట్టేవారు కాదు. అమ్మ కళ్ళు మూసుకుని అవతలి ఊపిరి వింటూ కూర్చునేది. ఒక్కోసారి పావుగంట.

అలాంటి ఆదివారాలు మూడే దొరికాయి. సమాధుల రోజు ఇంకా పది రోజులుందనగా పెద్దమ్మ కొడుకు ఫోన్ చేశాడు. సింగపూర్‌లో ఉద్యోగం అతనికి. వాళ్ళమ్మ పొద్దున నిద్ర లేవలేదట.

మేం వెళ్ళేసరికి ఇంటి ముందు సందులో టెంటు వేసి ఉంది. గుండ్రటి బల్లల మీద వేరుశనక్కాయలు, చిన్న అట్టపెట్టెల్లో పానీయాలు. ఇంటివాళ్ళందరూ తెల్ల చొక్కాలు, నల్ల ప్యాంట్లు వేసుకుని, చొక్కా చేతికి చిన్న గుడ్డముక్క పిన్నుతో గుచ్చుకుని ఉన్నారు. అమ్మ తెల్లచీర కట్టుకొచ్చింది. మేం ఒక బల్ల దగ్గర కూర్చున్నాం. ఒక అమ్మాయి పళ్ళెం పట్టుకుని బల్లబల్లకీ తిరుగుతూ, వచ్చిన వాళ్ళకి తలో ఎర్ర దారం ముక్క ఇస్తోంది. అమ్మకీ ఒకటిచ్చింది.

"ఇదేటే?"

"చావింటికొచ్చిన వాళ్ళకిస్తారమ్మా. మైల అంటకుండా వేలికి కట్టుకుంటారు."

"మరి సేతికి గుడ్డ పెట్టుకున్నోలు?"

నాకు చెప్పక తప్పలేదు. "వాళ్ళు ఇంటివాళ్ళు."

అమ్మ ఆ దారం కాసేపు అరచేతిలో పట్టుకుంది. నేను లేవబోయాను, ఆ కొడుకుతో మాట్లాడదామని. అతనికి మేమెవరో తెలుసు. ఆ హడావిడిలో తోచి ఉండదు, అడిగితే తప్పకుండా ఒక గుడ్డముక్క తెచ్చిచ్చేవాడు. అమ్మ నా చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టింది.

"ఒగ్గేయ్. ఆడికి తల్లి పోనాది. ఇప్పుడు నా గోలేటి ఆడికి?"

ఎర్ర దారం వేలికి చుట్టుకుని, ముడి వెయ్యమని నా వైపు చెయ్యి చాచింది. నేను వేశాను.

ఆ కొడుకు మంచివాడే. తన అమ్మ కర్మలన్నీ అయ్యాక, మా కన్న అమ్మమ్మ సమాధి ఏ గుట్ట మీద ఉందో దారి రాసి, రాతి మీద ఉండే పేరు మూడు చీనా అక్షరాల్లో ఫోన్‌కి పంపాడు. ఎడమ పక్కన చిన్న అక్షరాల్లో పిల్లల పేర్లు చెక్కి ఉంటాయని, తన తల్లి పేరూ అందులో ఉందని చెప్పాడు. ఏప్రిల్ రెండో వారంలో నేనూ అమ్మా వెళ్ళాం.

గుట్టంతా సమాధులే. అప్పుడే పండగయింది కాబట్టి గడ్డి కోసి ఉంది, కాలిన కాగితాల బూడిద ఇంకా గాలికి ఎగురుతోంది. పుస్తకాలు చదవడమే నా ఉద్యోగం. ఎక్కడో ఐర్లండ్‌లో ఎవరి అమ్మ సమాధి ఏ చర్చి వెనక ఉందో చదివి చీటీలు రాశాను. ఇక్కడ మాత్రం ఒక్క అక్షరం రాదు. ఫోన్‌లో బొమ్మనీ రాతి మీద గీతల్నీ పక్కపక్కన పెట్టి, ఒక్కో గీతా పోల్చుకుంటూ వరసవరసా నడిచాం. ఎండ మాడ్చేస్తోంది. అమ్మని గొడుగు కింద ఒక గట్టు మీద కూర్చోబెట్టి నేనొక్కదాన్నే తిరిగాను. రెండు గంటలు పట్టింది. చిన్న రాయి. ఫోటో లేదు. మూడు అక్షరాలూ సరిపోయాయి.

అమ్మ వచ్చి రాయి కడిగింది. పళ్ళు పెట్టింది. హారతి కర్పూరం వెలిగించింది. మనకి తెలిసిన పద్ధతి అదే. తర్వాత వంగి, ఎడమ పక్కన చిన్న అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇవేనేటి పేర్లు?"

"అవే అమ్మా. ఒక్కో వరస ఒక్కో పేరు."

అమ్మ వేలితో లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టింది. రాతికి అవతలి వైపు కూడా చూసింది, అక్కడేమైనా ఉందేమోనని. పెద్దమ్మ, ముగ్గురు తమ్ముళ్ళు. నాలుగే.

"సచ్చిపోయిన గుంట పేరు ఎందుకు రాస్తారు," అంది అమ్మ, తప్పు వాళ్ళది కాదని నాకు నచ్చజెబుతున్నట్టు. ఆ తర్వాత రాతి మీద రెండు చేతులూ ఆన్చి, నుదురు ఆన్చి, ఆ ముసలావిడకి బతికుండగా ఒక్క ముక్క కూడా అర్థంకాని తెలుగులో అంది.

"నాను సావలేదమ్మా. ఇక్కడే ఉన్నాను. నాను సావలేదు."

నేనెప్పుడూ అమ్మని అలా ఏడవగా చూడలేదు, నాన్న పోయినప్పుడు కూడా. లేపడానికి నాకు ధైర్యం రాలేదు. పక్కనే గడ్డిలో కూర్చుని, కర్పూరం ఆరిపోయాక కూడా చాలాసేపు ఉండిపోయాను.

ఆ పుస్తకంలో తలుపు తెరుచుకోలేదని ఇప్పటికీ అమ్మకి చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలీదు. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే అమ్మ ప్రయాణం మాట ఎత్తేది కాదేమో. ఎత్తకపోతే కన్నతల్లి ఏటేటా మూడు మైళ్ళు నడిచొచ్చిందన్న సంగతీ తెలిసేది కాదు. పెంచిన తల్లి మీద నమ్మకం మాత్రం మిగిలేది. ఏది నయమో మూడేళ్ళుగా ఆలోచిస్తున్నాను. నా బుర్రకి అందలేదు.

మార్చి అవగానే దుకాణంలో ఐర్లండ్ అర మారిపోయింది, కుట్టుపని పుస్తకాలొచ్చాయి. ఇంట్లో పూజ అరలో దేవుళ్ళ పక్కన మమ్మల్ని పెంచిన అమ్మమ్మ పటం ఉంటుంది. వెనకటికి శుక్రవారాలు అమ్మ దానికి పూలు పెట్టి, కళ్ళకద్దుకుని, ఆ వారం ఇంటి సంగతులన్నీ పటానికి చెప్పేది. ఇప్పుడు పటం దించుతుంది, గుడ్డతో అద్దం శుభ్రంగా తుడుస్తుంది, ఒక్క మాటైనా మాట్లాడకుండా మళ్ళీ అక్కడే పెట్టేస్తుంది. పూలు పెట్టదు. తీసెయ్యనా అని నేనొకసారి అడిగాను.

"ముట్టుకోకు," అంది.